గణనయంత్ర నిర్మాత కోన్రాడ్ జూసె

నేటి కాలమున కంప్యూటరు కానరాని తావు అరుదు. బ్యాంకులలోను, రైల్వే స్టేషనులలోను, ఆసుపత్రులలోను, పాఠశాలలలోను అది నిత్యోపకరణమైనది. ఉత్సాహవంతులగు యువకులు కొందఱు దానిని సిద్ధముగా కొనక, ప్రాసెసరు, మెమొరీ, మదర్‌బోర్డు మున్నగు భాగములను వేఱువేఱుగా అంగడిలో కొని, ఇంటివద్దనే మరలు బిగించి తామే కూర్చుకొనుచున్నారు. ఓపికగా కూర్చున్నచో ఒక పూటలో ఆ పని ముగియును. ఏలయన ప్రతి భాగమును ముందుగనే తయారై యుండును. ఏది యెచట అమర్చవలెనో తెలుపు పుస్తకమును దానితోడనే యుండును. కాని 1936వ సంవత్సరమున బెర్లిన్ నగరములో ఒక యువకుడు తన తల్లిదండ్రుల ఇంటిలో ఇట్టి యంత్రమును నిర్మింప సంకల్పించినప్పుడు భాగములను అమ్ము అంగడి లేదు. దారి చూపు పుస్తకము లేదు. అట్టి యంత్రమును అతడు కన్నులార చూచియు నెఱుగడు. ఆ యువకుడే కోన్రాడ్ జూసె.

జూసె 1910వ సంవత్సరము జూన్ నెల 22వ తేదీన బెర్లిన్‌లో జన్మించెను. తండ్రి ఎమిల్ జూసె తపాలాశాఖలో ఉద్యోగి. కోన్రాడ్ రెండేండ్ల బాలుడై యుండగా ఆ కుటుంబము తూర్పు ప్రష్యాలోని బ్రౌన్స్‌బర్గ్ అను చిన్న పట్టణమునకు తరలిపోయెను. ఆ పట్టణము ఇప్పుడు పోలండు దేశములో నున్నది. తరువాత వారు హోయర్స్‌వెర్డా పట్టణమున కాపురముండిరి. 1928లో జూసె అచటనే పాఠశాల విద్యను ముగించెను.

బాల్యమునుండియు అతనికి రెండు వ్యాసంగము లుండెను. ఒకటి చిత్రలేఖనము, రెండవది యంత్రముల కూర్పు. ఆ రోజులలో పిల్లలు ఆడుకొనుటకు రంధ్రములు గల లోహపు పట్టీలు, చిన్న చక్రములు, మరలు ఒక పెట్టెలో నుంచి విక్రయించెడివారు. వానితో జూసె బరువులెత్తు యంత్రముల నమూనాలను కూర్చుచు గంటలకొలది గడపెడివాడు. ఒక భాగమును మఱియొక దానితో కలుపగా మూడవ పని యేదో పుట్టుట అతనికి మిక్కిలి వింతగా తోచెడిది. పెద్దవాడైన పిదప చిత్రకారుడు కావలెనో, ఇంజనీరు కావలెనో తేల్చుకొనలేక అతడు కొంతకాలము డోలాయమాన మనస్కుడై యుండెను.

తుదకు బెర్లిన్‌లోని సాంకేతిక విద్యాపీఠమున చేరెను. మొదట యంత్రశాస్త్రము చదివెను, అది రుచింపలేదు. పిమ్మట భవనశిల్పమునకు మారెను. అదియు మనస్సునకు పట్టలేదు. కడకు వంతెనలు, కట్టడములు నిర్మించు సివిల్ ఇంజనీరింగు శాఖను ఎంచుకొని 1935లో పట్టము పొందెను. ఇటునటు మారుచున్న ఈ విద్యార్థి కాలమును వ్యర్థము చేయుచున్నాడని పెద్దలు తలచిన తలచియుందురు. కాని అతడు ప్రతి శాఖనుండియు ఏదో యొక యుపయోగమైన విషయమును గ్రహించుచునే యుండెను.

ఈ చదువులోనే అతనికి తన జీవితకార్యము దొరకెను. ఒక వంతెనయో, పైకప్పో నిలిచి యుండవలెనన్న దాని ప్రతి దూలముమీదను ఎంత భారము పడునో ముందుగా లెక్క కట్టవలెను. అందులకు అనేక సమీకరణములను ఒకేసారి సాధింపవలసి యుండును. సమీకరణముల సంఖ్య పెరిగిన కొలదియు లెక్కల శ్రమ అంతకు పెక్కురెట్లు పెరిగిపోవును. ఒక్కచోట అంకె తప్పినచో తరువాతి పుటలన్నియు వ్యర్థమగును. పైగా ఆ లెక్కలలో క్రొత్త ఆలోచన కవకాశమే లేదు. కూడుట, తీసివేయుట, గుణించుట, భాగించుట అను నాలుగు పనులే మాటిమాటికి వచ్చుచుండును. ఆలోచన యక్కఱలేని ఈ పనిని మనుష్యు డేల చేయవలెనని జూసె తనలో ప్రశ్నించుకొనెను.

అతడు వెంటనే యంత్రమునకు పూనుకొనలేదు. ముందుగా లెక్కలు వేయుటకు గళ్లు గీసిన కాగితములను తయారు చేసెను. ఏ గడిలోని అంకెను ఏ గడిలోని అంకెతో గుణింపవలెనో, ఫలితమును ఏ గడిలో వ్రాయవలెనో అందు నిర్ణయించెను. ఇక లెక్క వేయువానికి గణితము తెలియకున్నను చిక్కు లేదు. వరుస తప్పకున్న చాలును. అట్లయినచో ఆ పనిని మనుష్యునికి బదులు యంత్రమే చేయవచ్చును గదా యని అతనికి తోచెను. కాగితముమీది గళ్లకు బదులు అంకెలను దాచు స్థానము కావలెను. నాలుగు విధముల లెక్కలు చేయు భాగము కావలెను. ఏది ముందో యేది వెనుకో చెప్పు ఆజ్ఞల పట్టిక కావలెను. ఆ ఆజ్ఞలను చదివి నడిపించు భాగము కావలెను. నేటి కంప్యూటరులోని మెమొరీ, ప్రాసెసరు, ప్రోగ్రాము అనునవి ఈ భాగములే. నూరేండ్లకు పూర్వము ఇంగ్లండులో చార్లెస్ బాబేజి అను పండితుడు ఇట్టి యంత్రమునే ఊహించి, పూర్తి చేయలేక కాలధర్మము నొందెను. ఆ సంగతి అప్పటికి జూసెకు తెలియదు. అతడు తన గళ్ల కాగితమునుండియే ఈ మార్గమును కనిపెట్టెను.

పట్టము పొందిన పిదప జూసె బెర్లిన్ సమీపమున హెన్‌షెల్ విమానముల కర్మాగారములో ఇంజనీరుగా చేరెను. అచటను అతనికి అవే లెక్కలు ఎదురయ్యెను. ఏడాదియైనను గడవకమునుపే 1936లో అతడు ఆ యుద్యోగమును విడిచి, ఇంటికడ గణనయంత్రమును నిర్మింప నిశ్చయించెను. తల్లిదండ్రులు దిగులు చెందిరి. ఉద్యోగి కుటుంబమున పుట్టి, కష్టపడి చదివి, స్థిరమైన కొలువు సంపాదించిన కుమారుడు దానిని వదలుకొని ఇంటిలో రేకులు కోయుచు కూర్చుండుట వారికి సులభముగా మ్రింగుడుపడు సంగతి కాదు. అయినను వారు అడ్డు చెప్పలేదు. ఇంటిలోని పెద్దగదిని అతని కిచ్చివేసి, చేతనైనంత ధనసహాయమును చేసిరి. సోదరియు, కళాశాల మిత్రులును తమ సంపాదనలో కొంత ఇచ్చిరి. గణనయంత్రములు తయారుచేయు కుర్ట్ పంకె యను వ్యాపారి మొదట సందేహించినను, తరువాత కొంత ధనమిచ్చి ప్రోత్సహించెను.

యంత్రమునకు అంకెలను ఎట్లు తెలుపవలెను? ఇది మొదటి చిక్కు. మనము లెక్కించు పద్ధతిలో 0 మొదలు 9 వఱకు పది గుఱుతులు గలవు. ఒక చక్రమును పది స్థానములలో కచ్చితముగా నిలుపుట కష్టము. జూసె రెండే గుఱుతులు గల పద్ధతిని గైకొనెను. దీనిని తక్కెడతో పోల్చి తెలిసికొనవచ్చును. ఒక అంగడిలో 1, 2, 4, 8 తూకముగల రాళ్లు ఒక్కొక్కటి మాత్రమే యున్నవనుకొందము. 13 తూకము కావలెనన్న 8, 4, 1 రాళ్లను తక్కెడలో నుంచి, 2 రాతిని విడిచిపెట్టవలెను. ఉంచిన రాతికి 1 అనియు, విడిచిన రాతికి 0 అనియు గుఱుతు పెట్టినచో 13 అను సంఖ్య 1101 అగును. ఇట్లే ఏ సంఖ్యనైనను ఉన్నది, లేదు అను రెండు మాటలతో తెలుపవచ్చును. ఒక సన్నని లోహపురేకును కొంచెము ముందుకు జరిపిన 1. వెనుకకు జరిపిన 0. ఇంతకంటె సులభమైన యంత్రభాగ ముండబోదు.

భాగము సులభమైనదే గాని అట్టివి వేలకొలది కావలసివచ్చెను. జూసెయు, అతని మిత్రులును రేకులను సన్నని ఱంపముతో చేతిపనిగా కోసిరి. సాయంకాలములలోను, సెలవుదినములలోను మిత్రులు వచ్చి కూర్చుండి ఈ పని చేసిపోయెడివారు. తాము చేయుచున్న రేకు యంత్రములో నెచట అమరునో వారిలో పలువురకు తెలియకపోయినను, జూసెమీది నమ్మకమే వారిచేత పని చేయించెను. ఆజ్ఞల పట్టిక కొఱకు గట్టి కాగితము కొనుటకును ధనము చాలలేదు. హెల్ముట్ ష్రేయర్ అను మిత్రుని తోడ్పాటుతో పాడైన సినిమా ఫిల్ము చుట్టలను తెచ్చి, వానిపై ఆజ్ఞలను రంధ్రములుగా పొడిచిరి. రెండేండ్లు ఇట్లు శ్రమింపగా 1938లో ఆ యంత్రము పూర్తియయ్యెను. అదియే జడ్-1. దాని బరువు సుమారు 1000 కిలోలు. అది గదినంతయు ఆక్రమించుకొని, విద్యుత్ మోటారుతో కదలుచు పెద్ద చప్పుడు చేయుచుండెను.

జడ్-1 లెక్కలు చేసెను. కాని నమ్మకముగా చేయలేదు. చేతితో కోసిన రేకులు ఒకదానితో నొకటి రాచుకొని తఱచు బిగుసుకొనిపోయెడివి. రెండేండ్ల శ్రమయు, ఇతరుల ధనమును వెచ్చించిన యంత్రము ఇట్లు మొరాయించినచో మఱియొకడు నిరాశ చెంది మానివేసెడివాడే. జూసె ఆ లోపమును ఓపికతో పరిశీలించెను. యంత్రముయొక్క ఆలోచన సరియైనదే. అంకెలను దాచు భాగమును చక్కగానే పనిచేయుచున్నది. లెక్కలు చేయు భాగమున మాత్రమే రేకుల కదలిక చిక్కుపడుచున్నది. కావున ఆ భాగమును మార్చిన చాలునని అతడు గ్రహించెను. టెలిఫోను కార్యాలయములలో విద్యుత్తును కలుపుటకు, విడదీయుటకు వాడు రిలేలను సేకరించి లెక్కల భాగమును వానితో నిర్మించెను. పాత మెమొరీని దానికి జోడించి చేసిన యంత్రమే జడ్-2. మొత్తమును పాడుచేయక లోపమున్న తావునే సరిదిద్దుట జూసె తన తొలి యంత్రమువలన నేర్చిన పాఠము.

ఇంతలో 1939లో రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. జూసెను సైన్యములోనికి పిలిచిరి. కొంతకాలమునకు విడుదల చేయగా అతడు మరల హెన్‌షెల్ కర్మాగారమున పనిచేయుచు, మిగిలిన సమయమును తన యంత్రమునకు వినియోగించెను. జడ్-2ను చూచిన విమాన పరిశోధనాలయమువారు అతనికి సాయపడిరి. 1941వ సంవత్సరము మే నెల 12వ తేదీన జడ్-3 అను యంత్రమును అతడు కొందఱు శాస్త్రజ్ఞుల యెదుట నడిపి చూపెను. అందు రెండువేలకు పైగా రిలే లుండెను. అది 64 సంఖ్యలను దాచుకొనగలదు; రెండు సంఖ్యలను ఒక సెకనులోపుగా కూడగలదు; గుణించుటకు సుమారు 3 సెకనులు తీసికొనును. ఆజ్ఞల ననుసరించి తనంతట తాను లెక్కలు చేయు తొలి కంప్యూటరుగా దీనిని చరిత్రకారులు పెక్కుమంది గౌరవించుచున్నారు.

అయితే ఆ కాలమున జర్మనీ హిట్లరు నిరంకుశత్వమున నలిగిపోవుచుండెను. హెన్‌షెల్ కర్మాగారమునకు జూసె నిర్మించియిచ్చిన మఱి రెండు గణనయంత్రములు, విమానములనుండి విడుచు ఎగిరెడు బాంబుల రెక్కలను సవరించుటకు కావలసిన లెక్కలు చేసెను. విద్యార్థుల శ్రమ తగ్గించు నుద్దేశముతో పుట్టిన యంత్రము ప్రాణములు తీయు ఆయుధములకు తోడ్పడవలసివచ్చెను. యంత్రము తాను చేయు లెక్క మంచికా చెడుకా యని అడుగనేరదు. అడుగవలసినవాడు మనుష్యుడే. జూసె జీవితములో ఈ ఘట్టము మఱువరానిది.

ఆ యుద్ధమే అతని కష్టఫలములను హరించెను. 1943వ సంవత్సరము డిసెంబరు నెలలో బెర్లిన్‌పై జరిగిన బాంబుదాడిలో జడ్-3 ధ్వంసమయ్యెను. జడ్-1ను, దాని నిర్మాణ పటములును బాంబుల వాతబడి నశించెను. మిత్రులు కోసిన రేకులు, తల్లిదండ్రు లిచ్చిన గది, సర్వమును మన్ను పాలయ్యెను. అప్పటికి జూసె జడ్-4 అను మఱియొక యంత్రమును నిర్మించుచుండెను. 1945 ఆరంభమున, యుద్ధము ముగింపునకు వచ్చుచుండగా, దానిని విడిభాగములుగా మార్చి పెట్టెలలో సర్ది బెర్లిన్ నగరమును వీడెను. ఆ నెలలలోనే వివాహమాడిన భార్య గిసెలాయు వెంట నుండెను. దారిపొడవున బాంబుల భయము, తిండికి కరవు. వారు మొదట గొట్టింగెన్ నగరము చేరి, అచటనుండి ఆల్ప్స్ పర్వత ప్రాంతమునందలి హింటర్‌స్టైన్ గ్రామమునకు పోయిరి. అచట యంత్రమును ఒక కొట్టములో దాచియుంచిరి.

గ్రామమున పనిముట్లు గాని, పనివారు గాని లేరు. యంత్రము పనిచేయు నవకాశము లేదు. జూసె ఆ తీరికను వ్యర్థము చేయలేదు. యంత్రమునకు ఆజ్ఞలను ఇచ్చుటకు తగిన యొక సంకేతభాషను కాగితముమీద రూపొందించెను. దానికి ప్లాన్‌కాల్క్యూల్ అని పేరు. చదరంగపు ఎత్తులను నిర్ణయించుటకు గూడ ఆ భాషలో ఆజ్ఞలను వ్రాసి చూచెను. నేడు ప్రోగ్రాములు వ్రాయుటకు వాడు భాషలకు ఇది ముందు నడచినది. కాని చాలకాలము వఱకు దానిని పట్టించుకొన్నవారు లేరు. అది పూర్తిగా అచ్చయినది 1972లో మాత్రమే.

1949లో స్విట్జర్లాండునుండి ఎడ్వర్డ్ స్టీఫెల్ అను గణితాచార్యుడు జూసెను వెదకుకొనుచు వచ్చెను. మారుమూలనున్న ఆ యంత్రము కఠినమైన లెక్కను సాధించుట కన్నులార చూచి, దానిని తమ విద్యాపీఠమునకు అద్దెకు తీసికొన నిశ్చయించెను. 1950లో జడ్-4 జూరిచ్ నగరము చేరి 1955 వఱకు అచట పనిచేసెను. ఆనకట్టలు, విమానములు మున్నగువానికి సంబంధించిన లెక్కలను అది చేసిపెట్టెను. జడ్-1లో చక్కగా పనిచేసిన రేకుల మెమొరీ పద్ధతియే ఇందును ఉండుట గమనింపదగినది. ఈ యంత్రము ఇప్పుడు మ్యూనిక్ నగరములోని ప్రదర్శనశాలలో నున్నది.

జూరిచ్ వారిచ్చిన ధనముతో జూసె 1949లోనే తన పేర నొక సంస్థను స్థాపించెను. 1967 వఱకు ఆ సంస్థ 251 కంప్యూటరులను నిర్మించెను. కాని క్రొత్త యంత్రములకు కావలసిన పెట్టుబడి నానాటికి పెరుగుటచే అప్పుల భారము హెచ్చి, సంస్థ ఇతరుల చేతిలోనికి పోయెను. ఆ 1967లోనే మఱియొక దెబ్బ తగిలెను. జడ్-3 తన సృష్టియే యని గుర్తింపు కోరుచు అతడు 1941లో పెట్టుకొన్న పేటెంటు దరఖాస్తును జర్మనీ న్యాయస్థానము తుదిగా త్రోసివేసెను. ఇరువదియాఱేండ్ల నిరీక్షణము ఫలింపలేదు. ధనము గాని హక్కు గాని అతనికి మిగులలేదు.

అయినను అతడు క్రుంగిపోలేదు. చిన్ననాటి చిత్రలేఖనమును మరల చేపట్టి, అనేక వర్ణచిత్రములను రచించెను. డెబ్బదియైదేండ్లు దాటిన పిదప మఱియొక సాహసమునకు పూనుకొనెను. బాంబులకు బలియైన జడ్-1ను తిరిగి నిర్మింపవలెనని నిశ్చయించెను. పాత పటము లొక్కటియు మిగులలేదు, జ్ఞాపకమే ఆధారము. మరల ఒక్కొక్క రేకునే గుఱించి యోచించి, క్రొత్తగా పటములు గీచెను. పని నడుమ గుండెజబ్బు బాధించినను విడువలేదు. 1986లో మొదలిడిన ఆ పని 1989లో ముగిసెను. ఆ యంత్రమును నేటికిని బెర్లిన్‌లోని సాంకేతిక ప్రదర్శనశాలలో చూడవచ్చును. 1995వ సంవత్సరము డిసెంబరు నెల 18వ తేదీన హ్యూన్‌ఫెల్డ్ పట్టణమున జూసె తన 85వ యేట మరణించెను.

జూసె తన పనిని ప్రారంభించునాటికి కంప్యూటరు గుఱించి యేమియు ఎఱుగనివాడు. తెలిసిన పిదప మొదలుపెట్టుదమని అతడు వేచియుండలేదు. తనను బాధించు పనిని చక్కగా పరిశీలించి, దానిని చిన్నచిన్న భాగములుగా విడదీసి, చేతికందిన రేకుతోను, పాత ఫిల్ముతోను మొదలిడెను. తొలి యంత్రము చెడిపోగా దాని లోపమునే గురువుగా భావించెను. సర్వమును కాలిపోగా మరల కట్టెను. నేడు అరచేతిలో నిముడు కంప్యూటరును వాడు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు, బెర్లిన్‌లోని ఆ ఇంటి గదిలో రాత్రులయందు కూర్చుండి రేకులు కోసిన ఆ మిత్రులకును, గదిని విడిచియిచ్చిన ఆ తల్లిదండ్రులకును గూడ కొంత ఋణపడియున్నారు.